అచ్చివచ్చేవి, అచ్చిరానివి

మన జిల్లాల్లో మస్కట్ అనగానే ఎవరికైనా గుర్తుకొచ్చేది ఊరే. ఒమాన్ రాజధాని. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుండి పొట్ట చేతబట్టుకుని వెళ్ళిన మన సోదరుల మూలంగా ఆ పేరు పల్లెటూరి ముసలమ్మకు కూడా తెలుసు. అందుకే ఒక జుమా నమాజు తర్వాత ఒక సోదరుడు మా దగ్గరకొచ్చి, "మౌలానా సాబ్, మా చిన్నోడు బడిలో మాస్కట్ అయ్యాడట. అది మనకు జాయెజేనా?" అని అడిగినప్పుడు మాకు ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు.

ఆయన ఆటో నడుపుతారు. కొడుకు ఎనిమిదో తరగతి. బడిలో ఆటల పోటీలు జరుగుతున్నాయి. వాళ్ళ జట్టుకు గుర్తు పులి. ఈ అబ్బాయికి పులి వేషం వేసి మైదానం చుట్టూ తిప్పుతారట. ఇంతలో ఎవరో ఆయనకు 'ఆ మాటకు అసలు అర్థం మంత్రగత్తె' అని చెప్పారు. దాంతో ఆయనకు రాత్రంతా నిద్ర పట్టలేదు. తెలియక కొడుకు చేత షిర్క్ చేయిస్తున్నానేమోనని భయం. విశ్వాసి మనసులో ఇలాంటి భయం ఉండటం మంచి లక్షణమే. అల్హమ్దులిల్లాహ్! అందుకే ఆ మాట సంగతి కాస్త వెతికి చూశాం.

చెప్పినవారు పూర్తిగా తప్పు చెప్పలేదు. ఫ్రాన్సు దేశపు దక్షిణ ప్రాంతాన్ని ప్రొవాన్స్ అంటారు. అక్కడి భాషలో 'మాస్కో' అంటే మంత్రగత్తె. 'మాస్కోతో' అంటే ఆమె చేసే మంత్రం, తాయెత్తు, వశీకరణం. ఆ మాటే ఫ్రెంచిలోకి వచ్చి 'మస్కోత్' అయింది. జూదగాళ్ళు దాన్ని బాగా వాడుకున్నారు. జూదపు బల్ల దగ్గర తమకు అచ్చివస్తుందనుకున్న నాణాన్నో, వస్తువునో ఆ పేరుతో పిలిచేవారు. అంటే ఒక చెయ్యి చేతబడి, ఒక చెయ్యి జూదం - ఈ రెండు చేతుల మధ్య పెరిగిన మాట ఇది. ముసుగును సూచించే 'మాస్క్' అనే మాటకూ దీనికీ చుట్టరికం ఉందని కొందరు పండితులంటారు. 'మాస్క్' అనేది అరబీలోని 'మస్ఖరా' నుండి వచ్చిందనేవారూ ఉన్నారు. పండితులింకా ఒక మాట మీదికి రాని విషయంలో 'అది మా భాష నుండి పోయినదే' అని మనం గర్వపడాల్సిన అవసరం లేదు. మస్కట్ నగరానికి, ఈ మాటకు మాత్రం ఏ సంబంధమూ లేదు. వినడానికి ఒకేలా ఉంటాయంతే.

ఈ మాట వేరు ఇంకా లోతుకు పోతుంది. ఇటలీలో లంబార్డులనే జాతివారి రాజు రోథారి, క్రీ.శ. 643లో తన రాజ్యానికి లాటిన్ భాషలో ఒక ధర్మశాసనం రాయించాడు. అందులో 'మాస్కా' అనే మాట కనిపిస్తుంది. ఏ సందర్భంలోనో తెలుసా? ఇతరుల దాసిని 'ఇది మాస్కా, మంత్రగత్తె' అంటూ ఎవరూ చంపరాదని ఆ శాసనం ఆజ్ఞాపిస్తుంది. ఒక స్త్రీ బతికున్న మనిషిని లోలోపల తినేయడం అనేది జరిగే పని కాదని, అలాంటిది నమ్మకూడదని అందులో రాశారు. అంటే ఆ మాట మనకు దొరికే అతి పాత చోట్లలో ఒకచోట, దాని అడుగున ఉన్నది ఒక దిక్కులేని బానిస స్త్రీ ప్రాణం. ఊళ్ళో ఎవరికో జబ్బు చేసింది. ఎవరి పిల్లో చనిపోయింది. నేరం మోపడానికి ఒక ఆడది కావాలి. ఎదురు చెప్పలేని ఆడదైతే ఇంకా సులువు.

పాఠకులు ఒక సంగతి గమనించాలి. ఆ 643వ సంవత్సరంలో మదీనాలో ఖలీఫాగా ఉన్నది హజ్రత్ ఉమర్ (రజి). కాబా గోడలోని హజ్రె అస్వద్‌ను ముద్దుపెట్టుకుంటూ ఆయన అన్న మాటలు బుఖారీలోనూ, ముస్లింలోనూ ఉన్నాయి. నీవు ఒక రాయివేనని, మేలు గాని కీడు గాని చేయలేవని తనకు తెలుసునని, దైవప్రవక్త (స) ముద్దుపెట్టుకోవడం చూడకపోయి ఉంటే తాను ముద్దుపెట్టుకునేవాణ్ణి కాదని ఆయన పదిమందీ వినేలా చెప్పారు. భూమి మీద ముస్లింలు అంతగా గౌరవించే రాయి మరొకటి లేదు. దాని ముందే నిలబడి దానికి ఏ శక్తీ లేదని ప్రకటించారు. కొత్తగా ఇస్లాంలోకి వచ్చినవారు ఆ రాతిని 'అచ్చివచ్చే రాయి'గా తీసుకుంటారేమోనన్న ముందుచూపు ఆ మాటల్లో కనిపిస్తుంది.

మళ్ళీ మాట దగ్గరకొద్దాం. 1880 డిసెంబరులో పారిస్‌లో ఎడ్మండ్ ఆద్రాన్ అనే స్వరకర్త కూర్చిన ఒక సంగీత నాటకం ప్రదర్శించారు. పేరు 'లా మస్కోత్'. అది ఎంతగా పేరు తెచ్చుకుందంటే మరుసటి సంవత్సరానికే ఆ మాట ఇంగ్లీషులో కూడా వాడుకలోకి వచ్చింది. అక్కడి నుండి ప్రపంచమంతా పాకింది. ఆ నాటకం కథ కాస్త చెప్పుకోవాలి. ఎందుకంటే మన సోదరుడు అడగని ప్రశ్నకు జవాబు దాంట్లోనే ఉంది.

రొక్కో అనే రైతుకు ఏది పట్టుకున్నా నష్టమే. అతని తమ్ముడు అతని దగ్గరకు బెత్తీనా అనే అమ్మాయిని పంపుతాడు. ఆమె టర్కీ కోళ్ళు కాచుకునే పేదపిల్ల. ఆమె 'మస్కోత్' అని, ఎవరింట ఉంటే వారికి అదృష్టమని ఒక ఉత్తరం కూడా వస్తుంది. ఆ సంగతి ఆ రాజ్యపు ప్రభువు చెవిన పడగానే ఆమెను తన కోటకు తీసుకుపోతాడు. పట్టుబట్టలు, బిరుదులు అన్నీ ఇస్తాడు. కానీ ఒక షరతు ఉంది. ఆమె కన్యగా ఉన్నంతకాలమే ఆ అదృష్టం. అందుకని ఆమె కోరుకున్న గొర్రెల కాపరితో ఆమె పెళ్ళి జరగకుండా చూడాలి. అది నవ్వుకోవడానికి రాసిన నాటకం. జనం కడుపుబ్బ నవ్వారు కూడా. కానీ కాస్త ఆగి చూడండి. ఆ అమ్మాయికి ఏం కావాలో ఎవరూ అడగరు. ఆమె మనిషి కాదు, జేబులో వేసుకునే నాణెం.

ఆ తర్వాత ఆ మాట మెత్తబడింది. 1966లో ఇంగ్లాండులో జరిగిన ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకు విల్లీ అనే సింహం గుర్తయింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కు వాల్డీ అనే కుక్క, 1980 మాస్కో ఒలింపిక్స్‌కు మిషా అనే ఎలుగుబంటి. 2022లో ఖతర్‌లో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగినప్పుడు అరబ్బులు తలపై వేసుకునే రుమాలునే బొమ్మగా చేసి 'లయీబ్' అని పేరు పెట్టారు. మన దేశంలో 1982 ఢిల్లీ ఏషియాడ్ నాటి 'అప్పూ' ఏనుగు పిల్ల పెద్దవాళ్ళందరికీ గుర్తే. అప్పూగా పేరుపొందిన ఆ నిజమైన ఏనుగు కేరళది. అసలు పేరు కుట్టినారాయణన్. చిన్నతనంలోనే ఒక సెప్టిక్ ట్యాంకులో పడి కాలు విరగ్గొట్టుకుంది. ఆ గాయం మానకుండానే బతికి, 2005లో చనిపోయింది. దేశానికంతటికీ శుభచిహ్నమని చెప్పుకున్న మూగజీవి తన కాలును కాపాడుకోలేకపోయింది.

కాబట్టి ఆ సోదరుడితో మేము చెప్పింది ఇది: ఈనాడు ఆ మాటకు వాడుకలో ఉన్న అర్థం 'జట్టు గుర్తు' అని. పిల్లలను నవ్వించడానికి ఒక అబ్బాయి పులి చారల గుడ్డ వేసుకుంటే అది షిర్క్ కాదు. మాటల పాత వేర్లు మనల్ని పాపాత్ములను చేయవు. అలాగైతే వారాల పేర్లు కూడా పలకలేం. బొమ్మలు, ప్రతిమల గురించి ధర్మవేత్తల చర్చ వేరే ఉంది. అది ఇక్కడ తెగేది కాదు. అయితే ఆట మొదలయ్యే ముందు ఆటగాళ్ళు ఆ పులిని తాకి వెళ్తే గెలుస్తామనుకుంటే మాత్రం, మెత్తబడిన మాటలో పాత విషం మళ్ళీ చేరినట్టే. అది మీ అబ్బాయికి చెప్పండి అన్నాం.

ఆయన ముఖం తేటపడింది. సలాం చెప్పి ఆటో ఎక్కారు. అప్పుడు చూశాం. ఆటో వెనక నల్లతాడు వేలాడుతోంది. దానికో పాత చెప్పు, నిమ్మకాయ. లోపల అద్దానికి తాయెత్తు.

"భాయ్, ఇదేమిటి?" అని అడిగాం.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. ఆయన పెద్దకూతురికి నికాహ్ అయి ఏడాది కాలేదు. పెళ్ళైన మూడో వారంలో అల్లుడి వీసా రద్దయింది. అది మస్కట్ వీసానే! రెండో నెలలో మామగారికి పక్షవాతం. అత్తగారింట్లో 'పిల్ల పాదం మంచిది కాదు' అన్నారు. కొన్నాళ్ళకు 'మన్హూస్' అన్నారు. ఇప్పుడు అమ్మాయి నాలుగు నెలలుగా పుట్టింట్లోనే ఉంది. ఎవరో చెబితే ఆమె నహూసత్ పోవడానికి మెడలో ఒకటి, నడుముకు ఒకటి తాయెత్తులు కట్టించారు. ఆటోకు కట్టింది మూడోది. కొడుకు పులి వేషం గురించి రాత్రంతా నిద్రపోని తండ్రి, కూతురి మెడలో తాను స్వయంగా కట్టిన దాని గురించి ఒక్క మాట కూడా అడగలేదు!

మేము ఆయన్ను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. దారానికి భయపడనివాడు మనలో ఎవరున్నారు? మా ఇంట్లోనే ఒక పరీక్షల కాలంలో ఒక పెన్ను గురించి ఎంత గొడవ జరిగిందో మాకు తెలుసు. ఆ పెన్నుతో రాస్తేనే మంచి మార్కులొస్తాయట! అది కనబడకపోతే ఇంటిల్లిపాదీ మంచాల కింద వెతికాం. నవ్వొచ్చే విషయమే. పెన్ను కాబట్టి నవ్వాం. అదే మాట ఒక ఆడపిల్ల మీద పడితే?

అచ్చివచ్చేది ఒకటి ఉందని నమ్మినవాడు అచ్చిరానిది కూడా ఒకటి ఉందని నమ్మక తప్పదు. ఈ రెండూ ఒకే నాణేనికి చెరోవైపు. 'కోడలు కాలు పెట్టిన వేళావిశేషం, ఇంట్లో అంతా శుభమే' అని మురిసిపోయే ఇల్లే, నష్టం వచ్చిన రోజున 'ఇది కాలు పెట్టిన దగ్గర్నుంచీ...' అని మొదలుపెడుతుంది. పొగిడినప్పుడే మనం అడ్డుచెప్పి ఉండాల్సింది. తెలంగాణ పల్లెల్లో బాణామతి పేరిట, చేతబడి పేరిట మనుషుల్ని కొట్టి చంపిన ఘోరాలు మనకు తెలియనివి కావు. బీహార్ ప్రభుత్వం మంత్రగత్తెలన్న నింద నుండి స్త్రీలను కాపాడటానికి 1999లో చట్టం చేయాల్సి వచ్చింది. జార్ఖండ్ 2001లో చేసింది. రోథారి రాజు శాసనానికీ ఈ చట్టాలకూ మధ్య పదమూడు వందల ఏళ్ళకు పైగా గడిచాయి.

దివ్యఖుర్ఆన్ ఈ రోగాన్ని పేరుపెట్టి చూపింది. ఆరాఫ్ సూరాలో ఫిరౌన్ జాతివారి తీరు చూడండి. మంచి జరిగితే అది తమ హక్కేనట. చెడు జరిగితే అది మూసా (అలైహిస్సలాం), ఆయన వెంట ఉన్నవారి అపశకునమట. యాసీన్ సూరాలో ఒక ఊరివారు తమ దగ్గరకొచ్చిన ప్రవక్తలతోనే మీరు మాకు అచ్చిరాలేదు, మానకపోతే రాళ్ళతో కొడతామన్నారు. మీ అపశకునం మీ వెంటే ఉందన్నది ప్రవక్తల జవాబు. అల్లాహ్ ప్రవక్తలనే మన్హూస్ అన్న లోకం ఒక ఆటోడ్రైవర్ కూతుర్ని వదులుతుందా?

అరబీలో అపశకునాన్ని 'తియరా' అంటారు. పక్షిని సూచించే 'తైర్' నుండి వచ్చిందది. అజ్ఞానకాలపు అరబ్బులు ప్రయాణానికి ముందు పక్షిని అదిలించేవారు. కుడికి ఎగిరితే బయలుదేరేవారు, ఎడమకు ఎగిరితే ఆగిపోయేవారు. దైవప్రవక్త (స) దీన్ని షిర్క్‌గా ప్రకటించారు. తాయెత్తు వేలాడదీసుకోవడాన్ని కూడా అలాగే వారించారు. మంచి మాట విని మనసు కుదుటపడటాన్ని మాత్రం ఆయన ఇష్టపడేవారు. మంచి మాట మనిషిని అల్లాహ్ మీద ఆశ వైపు నడిపిస్తుంది. తాయెత్తు దారం వైపు నడిపిస్తుంది.

హిజ్రీ 8లో హునైన్ వైపు వెళ్తున్నప్పుడు కొందరు కొత్త ముస్లింలు ఒక చెట్టును చూశారు. ముష్రిక్కులకు 'జాతె అన్వాత్' అనే చెట్టుండేది. దానికి తమ ఆయుధాలు వేలాడదీసి అదృష్టం వస్తుందని నమ్మేవారు. మాకూ అలాంటిదొకటి ఏర్పాటు చేయండని వీరు ప్రవక్త (స)ను కోరారు. మాకూ ఒక దేవుణ్ణి చేసిపెట్టమని బనీ ఇస్రాయీల్ మూసా (అలైహిస్సలాం)ను అడిగినట్టే ఉంది మీరు అడిగిందని ఆయన గట్టిగా మందలించారు. వాళ్ళు విగ్రహం అడగలేదు, కత్తులు తగిలించుకోవడానికి ఒక చెట్టు అడిగారంతే. అయినా ఆయన ఉపేక్షించలేదు.

'స్త్రీలో, ఇంటిలో, గుర్రంలో అపశకునం ఉందని హదీసు ఉంది కదా' అనేవారున్నారు. అత్తగారింటివారు కూడా దీన్నే పట్టుకున్నారట. ఆ హదీసు ఉల్లేఖనాల్లో 'అపశకునమంటూ దేనిలోనైనా ఉండి ఉంటే' అన్న షరతుతో వచ్చింది కూడా ఉంది. పైగా ఈ మాట హజ్రత్ ఆయిషా (రజి) చెవిన పడినప్పుడు ఆమె తీవ్రంగా కోపగించారు. అజ్ఞానకాలపు జనం అలా అనుకునేవారని ప్రవక్త (స) చెప్పారే గాని, అది ఆయన అభిప్రాయం కాదని వివరించారు. ఇది ముస్నద్ అహ్మద్‌లో ఉంది. ఆ తల్లి మాటల్లో మరొకటి ముస్లిం గ్రంథంలో ఉంది. అరబ్బులు షవ్వాల్ నెలలో పెళ్ళి అచ్చిరాదనేవారు. తన నికాహ్, తన కాపురానికి రావడం రెండూ షవ్వాల్‌లోనే జరిగాయని, ఆయన భార్యల్లో తనకన్నా అదృష్టవంతురాలు ఎవరని ఆమె సవాలుగా అడిగేవారు. తమ వంశపు ఆడపిల్లలను షవ్వాల్‌లోనే కాపురానికి పంపడం ఆమెకు ఇష్టంగా ఉండేది.

హిజ్రీ 10లో దైవప్రవక్త (స) పసికొడుకు ఇబ్రాహీం కన్నుమూశాడు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త కుమారుడి మరణానికే సూర్యుడు చీకటిపడ్డాడని జనం అనుకున్నారు. దుఃఖంలో ఉన్న ఏ తండ్రికైనా ఆ మాట ఓదార్పుగానే ఉండేది. వేరే ఎవరైనా అయితే మౌనంగా ఊరుకునేవారు. ఆయన లేచి నమాజు చేయించి, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనల్లో రెండు సూచనలని, ఎవరి చావు కోసమూ, ఎవరి బతుకు కోసమూ వాటికి గ్రహణం పట్టదని చెప్పారు. తన సొంత కొడుకు విషయంలోనే!

అల్లుడి వీసా సంగతి కనుక్కుంటే, ఆ కంపెనీకి పని తగ్గి ఆ నెలలో ఈ చుట్టుపక్కల ఆరుగురి వీసాలు రద్దు చేసిందని తేలింది. ఆ ఆరుగురూ ఈ అమ్మాయినే పెళ్ళాడారా? మామగారికి రక్తపోటు ఎనిమిదేళ్ళుగా ఉంది. మాత్రలు వేసుకోవడం మధ్యలో మానేశారు. కారణాలు అల్లాహ్ ఈ లోకంలో పెట్టినవే. మందు ఒక కారణం. అందుకే వైద్యం చేయించుకోమని ప్రవక్త (స) చెప్పారు. కోడలి పాదాన్ని ఆయన ఎక్కడా కారణంగా చెప్పలేదు.

ఆ సోదరుడు తాయెత్తు విప్పడానికి వెంటనే ఒప్పుకోలేదు. "అందులో ఆయతులే ఉన్నాయట మౌలానా, విప్పితే బేఅదబీ కాదా?" అన్నారు. ఖుర్ఆన్ వాక్యాలున్న తాయెత్తు గురించి తొలితరం పెద్దల్లోనే రెండు అభిప్రాయాలున్నాయని దాచకుండా చెప్పాం. హజ్రత్ ఇబ్నె మస్వూద్ (రజి) అయితే తన భార్య మెడలోని దారాన్ని తెంచేశారని కూడా చెప్పాం. మూడింటిలో ఒకటి విప్పి చూస్తే ఆయతు కాదు, గళ్ళు గీసి అంకెలు వేసిన కాగితం. ఆయన దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని చూశారు. ఆ రాత్రి నుండి కూతురికి ఫలఖ్, నాస్ సూరాలు చదివి ఊదుతున్నానని తర్వాత చెప్పారు.

మసీదు పెద్దలు ఇద్దరితో కలిసి అత్తగారింటికి వెళ్ళాం. అబ్బాయి తలొంచుకుని కూర్చున్నాడు. మామగారు మంచంలో ఉన్నారు, మాట సరిగా రావడం లేదు. ఆయిషా (రజి) షవ్వాల్ మాట చెప్పాం, గ్రహణం సంగతి చెప్పాం, ఆరు వీసాల సంగతి చెప్పాం. ఆ ఖాలా పరదా వెనక నుండి అన్నీ విన్నారు. చాలాసేపు మౌనంగా ఉన్నారు. తర్వాత అన్నారు: "నేను ఈ ఇంట్లో కాలు పెట్టిన ఏడే మా మామగారు పోయారు. అత్తమ్మ నన్ను పదేళ్ళు మన్హూస్ అనే పిలిచింది. నా పేరు పెట్టి పిలవలేదు."

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. ఆ మాట ఆమె కొడుకు కూడా అంతకుముందు వినలేదట.

టీ వచ్చింది. మేము లేవబోతుంటే ఆమె, "పిల్లను తేవడానికి వాడిని పంపను, నేనే వస్తాను. వాళ్ళ నాన్నను ఆటో తెమ్మనండి" అన్నారు. జుమేరాత్ నాడు ఆ ఆటోలోనే వెళ్ళి కోడల్ని తీసుకొచ్చారు. నల్లతాడు అప్పటికి లేదు. నిమ్మకాయ లేదు. మామగారు మాత్రం ఇంకా మంచంలోనే ఉన్నారు, ఫిజియోథెరపీ చేయిస్తున్నారు. పాఠకులు ఆయన కోసం దుఆ చేయాలి.

పులి వేషం వేసుకున్న అబ్బాయి జట్టు ఫైనల్లో ఓడిపోయింది. ఆ వేషంలో ఒకటే ఉక్కపోత, చూపు కూడా సరిగా ఆనలేదని, వచ్చే ఏడు తాను కబడ్డీ ఆడతానని వాళ్ళ నాన్నతో చెప్పాడట.